‘కన్యాశుల్కం’లో తరాల సంఘర్షణ: వ్యాసం రాసే ముందు

మిత్రులారా,

నాటకంలో తరాల సంఘర్షణ మీద వ్యాసం అనగానే చాలామంది కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఒకవైపు పెద్దలను, ఇంకోవైపు పిల్లలను సర్దేస్తారు. గురజాడ ‘కన్యాశుల్కం’ ఆ గీతకు లొంగదు. అందుకే ఇవాళ దాన్ని ఎంచుకున్నాను.

పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై కళ్లెదుటే తిరుగుతున్నా, అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టబోతాడు. ఇంతవరకూ గీత నిలుస్తుంది. మరి ఆ పెళ్లి తప్పించడానికి నడుం కట్టిందెవరు? కరటక శాస్త్రి. అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మకు తోడబుట్టినవాడు, అంటే తండ్రి తరం మనిషే! శిష్యుడికి ఆడవేషం వేసి, సుబ్బికి బదులుగా వాణ్ణే పెళ్లికూతుర్ని చేస్తాడు. కొత్త చదువు చదివి, వితంతు వివాహం గురించి అంత గొప్పగా మాట్లాడే గిరీశం ఏం చేశాడు? ఆ మాటలనే ఎరగా వేసి బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు.

తండ్రి కూడా కొత్తదనాన్ని పూర్తిగా కాదనేవాడు కాదు. కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు చెప్పిస్తున్నాడు. కోర్టు వ్యవహారంలో అక్కరకొస్తాడనిపించగానే గిరీశం మీద కోపం చల్లారుతుంది. ఇంగ్లీషు దావాలకు కావాలి, కూతుళ్ల పెళ్లి దగ్గరికి మాత్రం రాకూడదు. నన్నడిగితే వ్యాసానికి అసలు ఊపిరి ఇక్కడుంది.

ఇవన్నీ ఇమిడేలా వాదనను ఒక్క వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు: ‘ఆడపిల్ల బతుకును నిర్ణయించే అధికారం కోసం పాత తరం ఆచారాన్ని, కొత్త తరం సంస్కరణను అడ్డుపెట్టుకుంటాయి.’ ఈ వాక్యం కుదిరేదాకా ఉపోద్ఘాతం జోలికి వెళ్లకండి. కుదిరాక మూడు రంగాలు చాలు. కథ తిరిగి చెప్పొద్దు, పరీక్షకుడికి కథ తెలుసు. ప్రతి రంగంలోనూ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఆ మనిషికి నోరు విప్పే అవకాశం దక్కిందా అని చూడండి.

చరిత్ర రెండు మూడు వాక్యాలకు మించనక్కర్లేదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో అలాంటి పెళ్లి జరిపించారు. గిరీశం ఉపన్యాసాలకు గిరాకీ ఎక్కడిదో చెప్పడానికి ఇది సరిపోతుంది. సంభాషణలు ఉటంకిస్తే ఏ కూర్పులోవో రాయండి. 1897 నాటి మొదటి కూర్పును గురజాడ 1909లో బాగా మార్చి, పెంచి వేశారు.

మీ వాదనకు ఎదురు నిలిచే పాత్రకూ ఒక పేరా ఉంచండి. సౌజన్యారావు పంతులు నిజాయితీపరుడు, సంస్కరణను అడ్డుపెట్టుకుని బతకడు. ఆయన పూనుకోబట్టే బుచ్చమ్మ గిరీశం చేతి నుంచి తప్పించుకుని పూనా శరణాలయానికి చేరుతుంది. మంచి మనిషే, మంచి నిర్ణయమే. అయినా ఆ నిర్ణయంలో బుచ్చమ్మ మాటకు ఎంత చోటు దొరికిందో చివరి అంకం మళ్లీ చదివి, మీరే తేల్చి రాయండి.