ఫీజు లేని బడి, పన్ను కట్టే ఇల్లు

హోస్ట్: నమస్తే అండీ. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్తే బెడ్‌రూములు ఎన్నని తర్వాత అడుగుతారు, ముందు ఏ హైస్కూల్ కిందికి వస్తుందని అడుగుతారు. ప్లేనో, ఫ్రిస్కో వైపు మరీనూ. ఈరోజు ఆ హైస్కూల్ గురించే మాట్లాడుకుందాం. మనతో ఉన్న అక్క పిల్లలిద్దరూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే చదివారు. అక్కా, పబ్లిక్ స్కూల్ ఫ్రీయే కదా, మరి ఎందుకింత హడావిడి?

అతిథి: ఫ్రీ అని ఎవరన్నారు! (నవ్వు) ఫీజు రసీదు ఇవ్వరు, అంతే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదని సంబరపడుతూ వస్తాం. ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చాక చూస్తే అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, అంటే ఆ ప్రాంతం బడుల్ని నడిపే సంస్థదే. అద్దెకున్నవాళ్లకూ తప్పదు. ఓనరు అద్దెలో కలిపే వసూలు చేస్తాడు.

హోస్ట్: అంటే ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు ఎక్కువన్నమాట.

అతిథి: ఒకప్పుడు అచ్చం అంతే. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్, అలామో హైట్స్ అని రెండు డిస్ట్రిక్టులున్నాయి. 1967-68లో ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు పన్ను కట్టారు. అలామో హైట్స్ వాళ్లు కట్టింది 85 సెంట్లే. రాష్ట్రం లెక్కలోకి వెళ్లేది పోగా ఒక్కో పిల్లాడి మీద పెట్టడానికి ఎడ్జ్‌వుడ్‌కి దక్కింది 26 డాలర్లు. అలామో హైట్స్‌కి 333.

హోస్ట్: అదేంటి, ఎక్కువ రేటు కట్టినవాళ్లకేనా తక్కువ?

అతిథి: రేటు ఎంత పెంచితే ఏం లాభం, ఆ ఇళ్లకి విలువ ఉండాలిగా! ఎడ్జ్‌వుడ్ వాళ్లు కోర్టుకెళ్లారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో వాళ్ల వాదన తోసిపుచ్చింది. చదువు ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. వాళ్లూ వదల్లేదు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచారు. 1993లో వచ్చిన చట్టం ప్రకారం ఆస్తులు ఎక్కువున్న డిస్ట్రిక్టులు కొంత సొమ్ము వదులుకోవాలి. దాన్నే రాబిన్ హుడ్ అంటారు. ప్లేనో కూడా కట్టింది. మన పన్ను వేరే ఊరి బడికెందుకని మనవాళ్లు గింజుకుంటుంటారు. ఆ 26 డాలర్ల లెక్క ఒక్కసారి చూడమంటాను నేను.

హోస్ట్: మరి స్కూళ్ల రేటింగులు? పదికి తొమ్మిది లేకపోతే ఇల్లే చూడరు.

అతిథి: రేటింగులో టీచర్ ఎంత బాగా చెబుతుందో తెలీదమ్మా. ఆ చుట్టుపక్కల జీతాలెంతో తెలుస్తుంది. నన్నడిగితే శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లి గ్రౌండ్ వెనకాల చూడమంటాను. తినుబండారాలమ్మే కాన్సెషన్ స్టాండ్‌లో నాచోస్ మీద చీజ్ పోసేది స్కూల్ బ్యాండ్ పిల్లల అమ్మానాన్నలే. ఆ డబ్బు బ్యాండ్‌కే వెళ్తుంది. హాఫ్‌టైమ్ దగ్గరపడగానే నాన్నలంతా సెట్లు, పెద్ద డ్రమ్ములు తోసుకుంటూ గ్రౌండ్‌లోకి పరిగెత్తుతారు. బ్యాండ్ షో ఉండేది కొద్ది నిమిషాలే. దానికోసం పిల్లలు ఆగస్టు ఎండలో తారు పార్కింగ్ లాట్‌లో అడుగులు లెక్కపెట్టుకుంటూ చస్తారు. మావాడి బూట్ల అడుగు అక్కడే ఊడొచ్చింది. ఆ గుంపులో ఎవరు డాక్టరో ఎవరు ట్రక్ డ్రైవరో ఎవరికీ పట్టదు. మనవాళ్లు మాత్రం పిల్లాణ్ణి దింపేసి కార్లో కూర్చుంటారు.

హోస్ట్: (నవ్వు) మా ఆయన అంతే. స్కూల్ బోర్డు మీటింగులకి కూడా వెళ్తుంటారా అక్కా?

అతిథి: వెళ్తాను. అసలు పనంతా అక్కడే. ట్రస్టీలంటే ఆ బోర్డు సభ్యులు, వాళ్లకి జీతం ఉండదు, ఊళ్లోవాళ్లే ఎన్నుకుంటారు. కొత్త స్కూల్ కట్టి బౌండరీ, అంటే ఏ ఇల్లు ఏ స్కూల్ కిందికో చెప్పే గీత, మార్చారంటే చూడాలి, హాలు కిక్కిరిసిపోతుంది. ఈ స్కూల్ కోసమే ఇల్లు కొన్నామని మైకు ముందు ఏడ్చినవాళ్లున్నారు. డిస్ట్రిక్ట్ అప్పు తేవచ్చా అని పెట్టే బాండ్ ఓటింగ్‌కి మాత్రం ఎవరూ రారు. 2019 చట్టం వచ్చినప్పటి నుంచి బ్యాలెట్ మీద ఇది ఆస్తిపన్ను పెంపు అని పెద్దక్షరాల్లో వేయాలి. అది చూసి జనం బెదిరిపోతారు. ఇంకోటి, బాండ్ డబ్బు బిల్డింగులకీ బస్సులకీ గానీ టీచర్ల జీతాలకి వాడకూడదు. కొత్త స్టేడియం కట్టారు, టీచర్లకి పెంచరేంటని తిట్టేవాళ్లకి ఈ తేడా తెలీదు.

హోస్ట్: హెచ్‌-1బీ మీదున్నవాళ్లకి ఓటే లేదు కదా. పన్ను మాత్రం కట్టాలి.

అతిథి: అవును, అది కడుపుమంటే. అయినా మీటింగులో పేరిచ్చి అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడొచ్చు, దానికి సిటిజన్ అయ్యుండక్కర్లేదు. ఇక్కడే పుట్టిన పిల్లలుంటే ఇంకో దారి ఉంది. 17 ఏళ్ల 10 నెలలు నిండితే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. హైస్కూల్ ప్రిన్సిపాలే ఓటర్ల నమోదుకి డిప్యూటీ రిజిస్ట్రార్, ఏడాదికి రెండుసార్లు ఆ ఫారాలు పిల్లలకి ఇవ్వాలని టెక్సస్ చట్టం.

హోస్ట్: అయితే మా ఇంట్లో మొదటి ఓటరు మా పెద్దదే!

అతిథి: ట్రస్టీల ఎన్నిక కొన్ని డిస్ట్రిక్టుల్లో మేలో, కొన్నిట్లో నవంబర్లో. మీది ఎప్పుడో ఇప్పుడే చూసుకో. ఎన్నికకి 30 రోజుల ముందే రిజిస్ట్రేషన్ అయిపోవాలి.