డ్రైవ్ డబ్బా మీద ‘256 బిట్’ చూసి కొనేయకండి

నమస్కారమండీ, శ్రీకాకుళం నుంచి. పలాస జీడిపప్పు వ్యాపారుల పద్దులు చూసే ఆడిటర్ గారొకరు అడిగారు: “బాబూ, లెక్కలన్నీ ఈ డ్రైవ్‌లో వేసుకుని ఆర్టీసీ బస్సుల్లో తిరుగుతుంటాను. ఇది పోతే ఏటి?” పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు డేటాను గజిబిజి చేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) దాచే డ్రైవ్‌లు ఉన్నాయి, వాటి సంగతే చూద్దాం.

డబ్బా దగ్గరగా చూపిస్తున్నాను. ‘మిలిటరీ గ్రేడ్’ అని ఉంది కదా, అది వట్టి ప్రకటన భాష, వదిలేయండి. పక్కనే ‘ఏఈఎస్ 256, ఫిప్స్ 197’. ఏఈఎస్ అంటే డేటాను గజిబిజి చేసే ఒక పద్ధతి, 256 అంటే దాని కీ (డేటాను మళ్లీ చదివించే రహస్య సంఖ్య) ఎన్ని బిట్ల పొడవో. ఏఈఎస్‌ని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2001లో ఫిప్స్ 197 పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. అంటే పద్ధతి మంచిదే. మరి పాస్‌వర్డ్‌ని ఎవరు సరిచూస్తున్నారు? డ్రైవ్ విప్పితే ఏమవుతుంది? అవి చూసేది ఫిప్స్ 140 అనే ఇంకో ప్రమాణం.

అందులో నాలుగు లెవెల్స్. లెవెల్ 1లో విప్పకుండా ఆపే ఏర్పాటేమీ అడగరు. లెవెల్ 2 అయితే ఎవరైనా విప్పితే ఆనవాలు మిగలాలి, సీలు చిరగడం లాంటిది. దొంగ పట్టుకుపోయాక ఆనవాలుతో మనకేం పని చెప్పండి? అందుకే నేను లెవెల్ 3 అంటాను. చిప్పుల మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసేస్తారు, పీకబోతే చిప్పే పాడయ్యేలా. లేదా మూత తెరవగానే లోపలి కీ చెరిగిపోతుంది. కీ పోతే డేటా ఉన్నా చెత్తే. లెవెల్ 4లో వోల్టేజీ, ఉష్ణోగ్రతలతో ఆటలాడినా తట్టుకోవాలి. మనకి అంత అక్కర్లేదు.

సర్టిఫికెట్ ఉంటే నిశ్చింత అనుకోకండి. లెవెల్ 2 సర్టిఫికెట్ ఉన్న, పేరున్న కంపెనీల పెన్‌డ్రైవ్‌ల గుట్టు 2010లో బయటపడింది. పాస్‌వర్డ్ సరిచూసేది డ్రైవ్ కాదు, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్! సరిపోతే డ్రైవ్‌కి ఒక సంకేతం పంపేది. ఎవరి పాస్‌వర్డైనా సంకేతం మాత్రం అదే. దాన్ని నేరుగా పంపితే తెరుచుకునేది. ఏం చెప్పాలి!

అందుకే మీట్లున్న ఈ రకం నాకు నచ్చుతుంది. పిన్ ఇక్కడే నొక్కాలి, లోపలే సరిచూస్తుంది. తప్పు పిన్ కొడుతున్నాను, ఎర్ర లైటు చూడండి. చాలా మోడళ్లలో వరసగా పది తప్పులైతే కీ చెరిపేసుకుంటుంది. ఎనిమిది అంకెల పిన్ అంటే పది కోట్ల రకాలు, దొంగకి దొరికేది పది ఛాన్సులు. పుట్టినతేదీ పెట్టకండి, దొంగ ముందు అదే కొడతాడు.

కొనేముందు మోడల్ పేరుతో నిస్ట్ వెబ్‌సైట్‌లో సర్టిఫికెట్ వెతకండి. ఫిప్స్ 140లో పాత రూపం 140-2, కొత్తది 140-3. 140-2 సర్టిఫికెట్లు 2026 సెప్టెంబరు 21 తర్వాత పాత జాబితాలోకి పోతాయి. ఇప్పుడు కొనేవాళ్లు 140-3 ఉన్నదే అడగండి.

ఇంకోటి, పిల్లలు ఆటకి పదిసార్లు నొక్కినా కీ పోతుంది. ఆఫీసు బీరువాలో రెండో కాపీ ఉండాలి, అదీ ఎన్‌క్రిప్ట్ చేసే పెట్టండి.