మ్యాప్ గీస్తాం సరే, రేటెంత చెప్పాలి?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ. జాగ్రఫీ పీజీలో ఒక ఫీల్డ్ ట్రిప్ తగ్గించి ఎంటర్‌ప్రైజ్ స్కిల్స్ (సొంతంగా పని పట్టి, ధర కట్టి నడుపుకునే నేర్పు) పేపర్ పెట్టాలన్న ప్రతిపాదనపై. మాటలు ఉన్నవి ఉన్నట్టే రాశాను.)

యాంకర్: నమస్కారం. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. మేడమ్, సూటిగా అడుగుతున్నా, ఈ పేపర్‌తో ఉద్యోగం వస్తుందా?

అధ్యాపకురాలు: ఉద్యోగం సంగతి తర్వాతండీ. మా పిల్లలు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర నిలబడి ఆ గెడ్డలు ఎలా కోసుకుపోయాయో కళ్లారా చూడాలి. ఆ ట్రిప్పు తీసేసి లాభనష్టాల లెక్కలు...

సర్వే సంస్థ యజమాని: ట్రిప్పు తీసేయమని నేననలేదు మేడమ్! మొన్న ఒక ఎమ్మెస్సీ అబ్బాయి మా ఆఫీసుకొచ్చాడు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కొండవాలు మ్యాప్ చేశాడు, చక్కగా ఉంది. లేఅవుట్ వేసే ఆసామి పక్కనే ఉన్నాడు. ‘బాబూ, నలభై ఎకరాలకి ఇలాగే చేసిస్తే ఎంత తీసుకుంటావ్?’ అన్నాడు. అబ్బాయి నా వంక చూశాడు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. చివరికి ‘మీ ఇష్టం సార్’ అన్నాడు. అయిదేళ్ల చదువు ‘మీ ఇష్టం’ దగ్గర ఆగిపోయింది!

యాంకర్: అంటే ఉద్యోగం రాదనే కదా మీరనేది?

యజమాని: కాదండీ, ధర కట్టడం రాలేదంటున్నా. ఎన్ని రోజుల పని, ఎంతమంది మనుషులు, అడ్వాన్స్ ఎంత...

విద్యార్థిని: అతని తప్పేం లేదు సార్. మా ప్రాజెక్ట్ రిపోర్టులో ఖర్చు అనే కాలమే ఉండదు.

యజమాని: అదీ మాట! 2021 ఫిబ్రవరి నుంచి మన కంపెనీలు మ్యాపులు తయారు చేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2022లో మ్యాపులు, భూమి వివరాల మీద జాతీయ జియోస్పేషియల్ పాలసీ వచ్చింది. క్యూజీఐఎస్ ఉచితం. తలుపులు తెరిచే ఉన్నాయి. వైజాగ్‌లో నేవీ ఉంది, డ్రోన్ ఎక్కడపడితే అక్కడ ఎగరేయలేం. ఏది అనుమతి లేనిదే ఎగరేయకూడని రెడ్ జోనో, ఏది అనుమతి అక్కర్లేని గ్రీన్ జోనో చూసుకోకుండా కొటేషన్ ఇచ్చామా, మునిగిపోతాం.

అధ్యాపకురాలు: నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూశాం. రేపు డబ్బిచ్చే మనిషి ‘మ్యాపులో ముంపు గీత కాస్త ఇటు జరపమ్మా’ అంటే...

యజమాని: కుదరదని చెప్పాలి! ఆ చెప్పడం కూడా ఈ పేపర్లోనే నేర్పాలంటున్నా.

(మేడమ్ మాట ఇక్కడ తెగిపోయింది. పూర్తిగా వినాల్సిన మాట అది.)

యాంకర్: తీరం అంటే గుర్తొచ్చింది, ఆర్కే బీచ్ కోత...

అధ్యాపకురాలు: పోర్టు ఔటర్ హార్బర్ గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపేస్తాయి. అందుకే ఆ ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి తీసి ఇటు బీచ్ మీద పోయాల్సి వస్తోంది. ఇది కారణం తెలిసిన పిల్లే చెప్పగలదు, కొటేషన్ రాయడం వచ్చినంత మాత్రాన...

యజమాని: రెండూ రావాలి మేడమ్! అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరే సరుక్కి విలువ తెచ్చింది. అది జాగ్రఫీ కాక మరేంటి? ధర కట్టడం రావాలి. ముందూ అదే చెప్పాను, మళ్లీ అదే చెబుతున్నా...

యాంకర్: అయితే ఈ స్కిల్స్‌తో ఉద్యోగం గ్యారంటీ అంటారా?

యజమాని: గ్యారంటీ ఎవరిస్తారండీ! నలుగురి ముందు నోరు విప్పుతాడు. చాలదా?

విద్యార్థిని: పేపర్ ఎవరు చెబుతారు సార్? కామర్స్ వాళ్లకు అప్పగిస్తే మళ్లీ బ్యాలెన్స్ షీటే. ఒక చెరువు సర్వే తీసుకుని, అంచనా వేసి, పంచాయతీ వాళ్ల ముందు నిలబడి చెప్పే పని కావాలి మాకు. మార్కులు దానికే...

యజమాని: వారానికో పూట నేనొస్తానమ్మా, రూపాయి వద్దు. గుంటూరు, కర్నూలు ఎక్కడ పని చేసినా నేను చూసింది ఒకటే...

యాంకర్: సార్, టైమ్ అయిపోయింది. మేడమ్, పది సెకన్లు. ఉద్యోగాలకి దారి దొరికినట్టేనా?

అధ్యాపకురాలు: ట్రిప్పు ఉంచుతారా, తీసేస్తారా? అది ఇంకా ఎవరూ చెప్పలేదండీ.

యజమాని: ఉంచి తీరాలి! కానీ ఆ ట్రిప్పు ఖర్చు పిల్లలే లెక్కగట్టి...

(ఇక్కడ ప్రసారం ఆగిపోయింది.)