తడి చెత్తకు గాలి ఆడాలి

శ్రోతలకు నమస్కారం.

పొద్దున కూరగాయలు తరిగినప్పుడు వచ్చిన తొక్కలు ఇప్పుడెక్కడున్నాయి? ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి బయట పెట్టేసి ఉంటే, అవి చివరికి ఏదో చెత్తగుట్ట అడుగున చేరతాయి. అక్కడ గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టి మీథేన్ వాయువును వదులుతాయి. నూరేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు బలమైనది. అవే తొక్కలు గాలి తగులుతూ మగ్గితే మీథేన్ చాలా తక్కువ పుడుతుంది, మనకు ఎరువూ మిగులుతుంది. అందుకే, ఒక్క అలవాటు మార్చుకునే ఓపికే ఉందంటే తడి చెత్తతో మొదలుపెట్టమంటాను.

మూత ఉన్న 20 లీటర్ల బకెట్లు రెండు చాలు. పాతవైతే మరీ మంచిది. ఒక్కోదానికి పక్కల చుట్టూ పాతిక, అడుగున ఎనిమిదో పదో రంధ్రాలు, 5 మిల్లీమీటర్లవి పెట్టండి. రెండు ఇటుకల మీద నిలబెడితే అడుగు నుంచి కూడా గాలి ఆడుతుంది. కారే నీటికి కింద ఓ పళ్లెం పెట్టుకోండి. బకెట్ అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు, సన్నటి పుల్లలు పరిచి, గుప్పెడు తోటమట్టి చల్లండి. పని చేయాల్సిన సూక్ష్మజీవులు ఆ మట్టిలోనే ఉంటాయి.

ఇక రోజూ గిన్నెడు తడి చెత్త వేస్తే, దాని మీద రెండు గిన్నెల పొడి సరుకు వేయాలి. ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు, రంపపు పొట్టు, ఏదైనా సరే. పొట్టు ఒక్కటే వాడితే మాత్రం గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది, ఆకులతో కలిపి వేయండి. చాలామందికి ఈ పని చెడేది ఈ పొడి సరుకు దగ్గరే. తొక్కల్లో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 30 పాళ్ల కార్బన్ ఉంటే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. పైగా ఆకుల మధ్య ఖాళీల్లోనే గాలి నిలుస్తుంది. ఆకులు రాలే రోజుల్లో రెండు మూడు గోతాలు నింపి దాచుకుంటే ఏడాది పొడవునా వెతుక్కోనక్కర్లేదు.

మూడు నాలుగు రోజులకోసారి అడుగుదాకా కలియబెట్టండి. అప్పుడే కొంచెం పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు ఊరితే తడి సరిపోయినట్టు. నీళ్లు ధార కడితే ఆకులు కలపాలి, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి.

ఎక్కడ తేడా వచ్చిందో బకెట్టే చెబుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల గాలి అందడం లేదు. వెంటనే తిరగేసి ఆకులు కలపండి. ముక్కుకు ఘాటుగా అమోనియా కొడితే తడి చెత్త ఎక్కువైంది, పొడి సరుకు పెంచండి. చిన్న ఈగలు ముసిరితే పైన తొక్కలు కనిపిస్తున్నాయని అర్థం, రెండు వేళ్ల మందాన ఆకులు కప్పండి. చీమలు పట్టాయంటే బాగా ఎండిపోయింది. లావుపాటి పురుగులు కనిపించినా కంగారుపడి పారబోయకండి, అవి చెత్తను తినే పనిలోనే ఉన్నాయి.

మాంసం, చేపలు, పాలు, నూనె కలిసిన మిగుళ్లు, పెంపుడు జంతువుల మలం మాత్రం వద్దు. పెద్ద కుప్ప 55 డిగ్రీలు దాటి వేడెక్కి రోగక్రిముల్ని చంపగలదు. చిన్న బకెట్ సాధారణంగా అంత వేడెక్కదు.

బకెట్ నిండాక రెండు మూడు నెలలు పక్కన పెట్టి, రెండోది మొదలుపెట్టండి. మధ్యమధ్య తిరగేస్తూనే ఉండాలి. ఏది తొక్కో ఏది ఆకో పోల్చలేనంత నల్లగా పొడిపొడిగా అయ్యి, తొలకరి తడిసిన మట్టి వాసన వస్తే ఎరువు సిద్ధం. ఒక పాలు ఎరువుకు మూడు పాళ్ల మట్టి కలిపి మొక్కలకు వాడండి. తొందరపడి పచ్చిగా వేస్తే, అది పూర్తిగా మగ్గడానికి మట్టిలోని నత్రజనినే లాక్కుంటుంది, మొక్క ఆకులు పసుపు తిరుగుతాయి.

ఇక కారే కుళాయి సంగతి. దాని కింద పది నిమిషాలు గ్లాసు పెట్టి చూడండి. 100 మిల్లీలీటర్లు చేరితే రోజుకు 14 లీటర్ల పైమాటే, ఏడాదికి 5,000 లీటర్లు దాటుతుంది. మర తిప్పే కుళాయైతే లోపలి రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది. ఇంకా బిగిస్తే అది మరింత నలుగుతుందే గానీ చుక్క ఆగదు. నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, తల విప్పి, పాత వాషర్ కొలతకే కొత్తది వేయండి. అది కూర్చునే చోట ఇసుక రేణువు ఉంటే తుడవండి, లేదంటే కొత్త వాషరూ త్వరగా పాడవుతుంది.

దీపాల విషయంలో జాగ్రత్తపడే చాలా ఇళ్లలో వేడినీళ్ల మీదికి దృష్టి పోదు. 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 0.6 యూనిట్ కరెంటు కావాలి. అంత కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 60 గంటలకు పైగా వెలుగుతుంది. వేడినీళ్లతో ఉతికే వాషింగ్ మెషీన్‌లోనూ కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాగడానికే పోతుంది. జిడ్డు పట్టని మామూలు బట్టల్ని చన్నీళ్లలో, డ్రమ్ము నిండేదాకా ఆగి ఉతకండి.

సెలవు, నమస్కారం.