గోడ మీద బొమ్మ కార్ల గ్యారేజీ: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్ అంశం బొమ్మ కార్లకు గోడ అలమరలు. హాట్ వీల్స్, మ్యాచ్‌బాక్స్, టొమీకా, మాజొరెట్ లాంటి అరచేతి కార్లు వంద దాటాయంటే, డబ్బాలో ఒకదానికొకటి రాసుకుని రంగు లేచిపోతుంటాయి. వాటిని గోడ ఎక్కించే పద్ధతి చెప్పడానికి ఈ పని క్షుణ్ణంగా తెలిసిన నిపుణులు మనతో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారమండీ. ఫోన్లకు ముందు ఒక్క మాట. చెక్క కొనడానికి బయల్దేరే ముందు మీ కార్లలో అన్నిటికన్నా పొడవైనది, ఎత్తైనది, వెడల్పైనది, ఆ మూడింటినీ కొలిచి రాసుకోండి. ముందు అలమర చేసి తర్వాత కార్లు పెట్టబోతే, పట్టని కారు ఒకటి తప్పకుండా తేలుతుంది.

యాంకర్: విజయవాడ నుంచి మొదటి ఫోన్. చెప్పండి.

శ్రోత, విజయవాడ: నమస్తే సార్. నా దగ్గర వందకు పైగా హాట్ వీల్స్ ఉన్నాయి, అన్నీ 1:64 స్కేలు. అద్దం తలుపులతో ఒక అలమర నేనే చేసుకోవాలని. ఒక్కో కారుకు ఒక్కో గది కట్టాలా?

నిపుణుడు: గదులు వద్దండి. 1:64 అంటే అసలు కారులో 64వ వంతు. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, ఆ లెక్కన బొమ్మ 6.7 సెంటీమీటర్లు రావాలి. కానీ హాట్ వీల్స్‌లో ఆ లెక్క గట్టిగా పాటించరు. బస్సయినా చిన్న కారయినా ఒకే సైజు ప్యాకెట్లో పట్టాలి కాబట్టి అన్నిటినీ 7 సెంటీమీటర్ల అటూ ఇటూ కుదిస్తారు. కొన్ని రేసు కార్లు 8 దాకా పోతాయి. గదులు కడితే చిన్నది బోసిగా, పెద్దది ఇరుగ్గా ఉంటుంది. అడ్డంగా సాగే అరలైతే ఎలాగైనా సర్దుకోవచ్చు. ఇక కొలతలు రాసుకోండి, అన్నీ మిల్లీమీటర్లలో.

శ్రోత: పెన్ను పట్టుకునే ఉన్నాను సార్.

నిపుణుడు: లోపలి వెడల్పు 800. పక్కవాటుగా పెడితే వరసకు 9 కార్లు. 12 వరసలంటే 108 కార్లు. వరసల మధ్య ఖాళీ 45 చాలు. పై వరసకు మాత్రం 60, కింది వరసకు 55 వదలండి. అద్దం జారే ఛానల్ పైన దాదాపు 15, కింద 8 దాకా మూసేస్తుంది. అన్నిటికీ 45 పెట్టేస్తే పై వరసలో కార్ల కప్పులు కనబడవు. చాలామంది అద్దం బిగించాకే ఇది గమనిస్తారు, అప్పటికి చేసేదేమీ ఉండదు. మొత్తం కలిపితే పది 45లు 450, పైన 60, కింద 55, ఒక్కోటి 6 చొప్పున పదకొండు అరల మందం 66. లోపలి ఎత్తు 631 వస్తుంది. చట్రం 12 ప్లైవుడ్ కాబట్టి బయటి కొలత 824, 655.

శ్రోత: లోతెంత సార్?

నిపుణుడు: అర 45, చట్రం బద్ద 70. మిగిలిన 25లో రెండు గాడుల ఛానల్ కూర్చుంటుంది. అరలకు, వెనక పలకకు 6 ప్లైవుడ్ వాడండి. 4 అడుగులకు 3 అడుగుల ముక్క ఒకటి తెస్తే రెండిటికీ సరిపోతుంది. పదకొండు అరలు, రంపపు కోతకు 3 చొప్పున కలిపి 528. పలక 655. మొత్తం 1183, ముక్క 1220 ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. షీటు పొడవులోంచి 3 అడుగులు కోయించాలి, అప్పుడే పైపొర నార 3 అడుగుల వైపు నడుస్తుంది, అరలు ఆ వైపే కోస్తారు. నార అడ్డం పడితే సన్నటి అర వంగుతుంది. చట్రానికి 12 ప్లైవుడ్ 3 అడుగులకు 1 అడుగు ముక్క చాలు, నాలుగు బద్దలు వస్తాయి.

శ్రోత: అరలు పక్క బద్దల్లోకి దించాలా, మేకులు కొట్టాలా?

నిపుణుడు: గాడి తీసి దించడం మేలు. లోతు 4, అర పొడవు 808. గాడి వెడల్పు 6 అని గుడ్డిగా తీయొద్దు. 6 అని అమ్మే ప్లై కొలిస్తే 5.5 ఉండొచ్చు, అప్పుడు అర ఊగుతుంది. వెర్నియర్‌తో కొలిచి, పనికిరాని ముక్క మీద ఒక గాడి తీసి చూసి అప్పుడు అసలు బద్దను ముట్టుకోండి. రెండు పక్క బద్దల్నీ పక్కపక్కన బిగించి ఒకేసారి గాడి తీస్తే అరలు వంకర పోవు. గాడి తీసే రూటర్ మెషిన్ లేకపోతే అదే 6 ప్లైలో 45 ఎత్తు ముక్కలు కోసి, పక్క బద్దకు ఒక ముక్క, అర మందం ఖాళీ, మళ్లీ ముక్క అంటిస్తూ పొండి. పై చివర 60, కింది చివర 55 ముక్కలు. అలా చేస్తే అర పొడవు 808 కాదు, 800. ముక్కలకు ఇంకొంచెం ప్లై కావాలి, ముందే తెచ్చుకోండి.

శ్రోత: 80 సెంటీమీటర్ల అర మధ్యలో కిందికి దిగదా?

నిపుణుడు: వెనక పలక పట్టుకుంటే దిగదు. అర వెనక అంచుకు ఫెవికాల్ రాసి, పలక వెనక వైపు పెన్సిలు గీత గీసుకుని, ముప్పావు అంగుళం సన్న మేకులు అరకు మూడు కొట్టండి. గీత లేకుండా కొడితే మేకు అర పక్కనుంచి పొడుచుకొస్తుంది. చట్రం మూలలు మూలమట్టంతో చూసుకుని, ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా ఒకటే వచ్చాక పలక బిగించండి. స్క్రూ ఎక్కించే ముందు 2 మిల్లీమీటర్ల రంధ్రం వేయకపోతే ప్లైవుడ్ అంచు చీలుతుంది. ఇక అద్దం. రంగు ఆరి, ఛానల్ అంటించాక కొలిచి ఆర్డర్ ఇవ్వండి, అంతకుముందు వద్దు. 4 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, ఒక్కోటి 412 వెడల్పు, మధ్యలో 25 ఒకదాని మీదకొకటి వస్తాయి. ఎత్తు కొలిచేటప్పుడు, అద్దం పై గాడిలోకి పూర్తిగా లేపితే కింది అంచు కింది ఛానల్ దాటాలి, కింద దించితే పై అంచు గాడిలోంచి బయటికి రాకూడదు. అంచులు పాలిష్ చేయించండి.

యాంకర్: కాకినాడ నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు.

శ్రోత, కాకినాడ: నమస్కారం సార్. మా అబ్బాయికి ఎమ్‌డీఎఫ్‌తో, అంటే చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలకతో, అలమర చేయించాం. ఒక్క వర్షాకాలానికే అంచులు ఉబ్బి, అద్దం జరగట్లేదు. కార్ల ఇరుసులు కూడా తుప్పు పట్టాయి.

నిపుణుడు: సముద్రగాలికి ఎమ్‌డీఎఫ్ తట్టుకోదమ్మా. పైన లామినేట్ ఉన్నా కోసిన అంచు నీరు పీలుస్తుంది. ఒకసారి ఉబ్బిందంటే ఎండబెట్టినా అణగదు. దాన్ని మరమ్మతు చేయించడం డబ్బు దండగ. మళ్లీ చేయించేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్, అంటే నీటిని తట్టుకునే మెరైన్ రకం అడగండి. ఐఎస్ 303 మామూలు ప్లైవుడ్ ముద్ర, అందులో ఎమ్ఆర్ అనే రకం కొద్దిపాటి తేమనే తట్టుకుంటుంది, పొడి గదులకే పనికొస్తుంది. కోసిన ప్రతి అంచుకూ ప్రైమర్ పడాలి, గోడవైపు ముఖానికి కూడా. వడ్రంగులు కనబడదు కదా అని దాన్ని వదిలేస్తారు, తేమ దూరేది అక్కడే. అలమర ఏ గోడకు ఉంది?

శ్రోత: హాల్లో పడమటి గోడకండి. వానకు అదే తడుస్తుంది.

నిపుణుడు: లోపలి గోడకు మార్చండి. వీలుకాకపోతే గోడకూ అలమరకూ మధ్య 12 మిల్లీమీటర్ల గాలి సందు ఉంచండి, తగిలించే పద్ధతి ఇంకాసేపట్లో చెబుతాను. పడమటెండ నేరుగా తగిలే చోటైతే అసలు వద్దు, రంగులు, స్టిక్కర్లు వెలిసిపోతాయి. ఇక తుప్పు. కారు బాడీ జింకు మిశ్రమం, దానికి ఇనుప తుప్పు రాదు. ఇరుసు మాత్రం ఉక్కు. చెవిపుల్లతో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క ఇరుసు దగ్గర పెట్టి, మిగులు తుడిచేయండి. తేమ పీల్చే సిలికా జెల్, రంగు మారే రకం, 50 గ్రాముల సంచులు రెండు లోపల మూలల్లో పెట్టండి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టుకోవచ్చు. కొత్త అలమరకు రంగు వేశాక వెంటనే కార్లు పెట్టొద్దమ్మా. రెండు మూడు వారాలు తెరిచి ఉంచి, లోపల తల పెట్టి చూసినా వాసన రాకూడదు. మూసిన అద్దాల మధ్య ఆ ఆవిర్లు నిలిచిపోతే లోహానికి మంచిది కాదు.

యాంకర్: హైదరాబాద్ మియాపూర్ నుంచి ఫోన్.

శ్రోత, మియాపూర్: సార్, మా ఫ్లాటులో గోడకు స్క్రూ కొడితే ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా ఊడొచ్చేసింది. అలమర కింద పడలేదు గానీ, భయమేస్తోంది.

నిపుణుడు: డ్రిల్లు చేస్తే ఎలాంటి పొడి రాలింది?

శ్రోత: తెల్లగా, సుద్దలా.

నిపుణుడు: అది తేలిక బ్లాకుల గోడ. ఎర్ర పొడి వస్తే ఇటుక, బరువైన బూడిదరంగు పొడి వస్తే సిమెంటు. మీరు హామర్ మీట వేసి డ్రిల్లు చేసుంటారు, ఆ దెబ్బలకు రంధ్రం గిన్నెలా వెడల్పయింది. తేలిక బ్లాకుకు హామర్ ఆపేసి, ఉత్త తిప్పుడుతోనే డ్రిల్లు చేయాలి. ఆ బ్లాకుల కోసమే చేసిన నైలాన్ ప్లగ్గులుంటాయి, కనీసం 60 మిల్లీమీటర్ల పొడవువి తీసుకోండి. ప్లాస్టరింగు మందాన్ని పట్టు కింద లెక్కేయొద్దు. పాత రంధ్రానికి కనీసం 10 సెంటీమీటర్ల దూరంలో కొత్తది వేయండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా వైర్లు పోతుంటాయి, అక్కడ డ్రిల్లు పెట్టనే వద్దు.

శ్రోత: బరువు ఎంతుండొచ్చు సార్?

నిపుణుడు: ఇందాక చెప్పిన అలమరే చూడండి. అద్దాలు ఐదు కిలోల పైన, చెక్క ఇంకో ఐదు, కారుకు 40 గ్రాముల లెక్కన 108 కార్లు నాలుగు కిలోల పైచిలుకు. మొత్తం 15 కిలోలు అనుకోండి. దీన్ని రెండు కొక్కేలకు వేలాడదీయకూడదు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్దను, 750 మిల్లీమీటర్ల పొడవు, 80 వెడల్పు, మధ్యలో 45 డిగ్రీల ఏటవాలుగా నిలువునా చీరండి. ఒక సగం గోడకు, వాలు గోడవైపు దిగేలా, పదును అంచు పైకి, గది వైపు ఉండేలా. రెండో సగం అలమర వీపుకు, తలకిందులుగా. పైనుంచి దించితే ఒకదాన్లో ఒకటి కొరుక్కుని, బరువు పెరిగేకొద్దీ అలమర గోడను హత్తుకుంటుంది. గోడ బద్దకు నాలుగు స్క్రూలు. ఇటుక గోడైతే 8 మిల్లీమీటర్ల రంధ్రం, 50 ప్లగ్గు, 65 స్క్రూ. వీపు బద్దకు ఫెవికాల్, దానికి తోడు లోపల్నుంచి 16 మిల్లీమీటర్ల పొడవు స్క్రూలు, అంతకన్నా పొడవైతే బయటికి పొడుచుకొస్తాయి. కింద కూడా 12 మందం బద్ద ఒకటి కొట్టండి, లేకపోతే అలమర తల ముందుకు వాలి ఉంటుంది. గోడ బద్దను రసమట్టంతో చూసి బిగించండి. పక్కవాటుగా పెట్టిన కార్లకు అర వెంబడే దొర్లే గుణం ఉంటుంది, కాస్త వాలినా అన్నీ ఒక మూలకు చేరతాయి.

శ్రోత: డబుల్ టేపుతో కారును అరకు అంటించేస్తే?

నిపుణుడు: వద్దు. తీసేటప్పుడు అడుగున జిగురు మిగులుతుంది. గాజు బల్లల కింద అంటించే పారదర్శక సిలికాన్ చుక్కలు దొరుకుతాయి. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి ఆనేలా అరకు అంటించండి, కారు జోలికి పోవద్దు.

యాంకర్: వరంగల్ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత, వరంగల్: సార్ నమస్తే. వంటింట్లో కత్తులు పెట్టే అయస్కాంతం పట్టీ ఉంటది కదా, దానికి కార్లు అంటిస్తే అయితదా?

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగినవ్ బాబూ. ఒక అయస్కాంతం తీసుకుని కారు కప్పు మీద పెట్టి చూడు, అంటదు. బాడీలో ఉన్నది జింకు, అల్యూమినియం. అయస్కాంతం పట్టేది ఉక్కు ఇరుసును ఒక్కదాన్నే, అదీ మధ్యలో అడుగు పలక అడ్డం ఉంటుంది. కొన్ని నిలుస్తాయి, కొన్ని తలుపు గట్టిగా వేస్తే రాలతాయి. దానికి బదులు 2 అంగుళాల అల్యూమినియం ఎల్ యాంగిల్ తెచ్చుకో. 12 అడుగుల కడ్డీని నాలుగు ముక్కలు చేయిస్తే ముక్కకు పది కార్లు, మొత్తం నలభై. నిలువు రెక్కకు అడుగుకొక స్క్రూ. ముందు అంచు మీద 6 మిల్లీమీటర్ల చెక్క బీడింగు అరాల్డైట్‌తో అంటించు, రెండు చివర్లా చిన్న చెక్క ముక్కలు పెట్టు. కోసిన అల్యూమినియం అంచు చెయ్యి కోస్తుంది, ఆకురాయితో రుద్దాకే ముట్టుకో. డ్రిల్లు పని ఇంట్లో పెద్దవాళ్లతో చేయించు.

శ్రోత: ప్యాకెట్ తెరవనివి కూడా ఉన్నయ్ సార్.

నిపుణుడు: వాటి అట్ట దాదాపు 11 సెంటీమీటర్ల వెడల్పు, 16.5 పొడవు ఉంటుంది. పెగ్‌బోర్డుకు, అంటే వరసగా చిల్లులున్న పలకకు, కొక్కేలు పెట్టి వేలాడదీయొచ్చు, కొక్కేనికి మూడు నాలుగుకు మించొద్దు, అట్ట చిల్లు సాగిపోతుంది. ఎండ తగిలితే ప్లాస్టిక్ బుడగ పసుపెక్కుతుంది.

యాంకర్: విశాఖపట్నం నుంచి చివరి ఫోన్. క్లుప్తంగా అడగండి.

శ్రోత, విశాఖపట్నం: రెండు ప్రశ్నలండి. లైటు ఎక్కడ పెట్టాలి? నా 1:18 కార్ల టైర్లు వాటి ప్లాస్టిక్ పీటకు అతుక్కుని మరకలు పడ్డాయి, ఎందుకు?

నిపుణుడు: లైటు పైన ఒక్కచోటే పెడితే పై అర నీడ కింది అరలన్నిటి మీదా పడుతుంది. ముందు అంచున, చట్రం రెండు పక్కలా నిలువుగా ఎల్ఈడీ పట్టీ పెట్టండి. 63 సెంటీమీటర్ల ఎత్తైతే రెండూ కలిపి 1.26 మీటర్లు. మీటరుకు 4.8 వాట్ల రకమైతే 6 వాట్లు, 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ సరిపోతుంది. అడాప్టర్ వేడెక్కుతుంది కాబట్టి అలమర బయటే ఉండాలి. పట్టీని కత్తెర గుర్తున్న చోటే కోయాలి. ఇక టైర్లు. మెత్తటి వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికొచ్చి, తగిలిన ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పీట మీద, అడుగు పలక కింద రెండు చిన్న చెక్క దిమ్మెలు పెట్టి చక్రాలు వెంట్రుకవాసి పైకి లేచేలా ఉంచండి. అద్దం అర మీదైతే ఈ బాధ లేదు. అక్రిలిక్ మూత ఉంటే స్పిరిట్‌తో గానీ, అద్దాలు తుడిచే ద్రవంతో గానీ తుడవొద్దు, సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

శ్రోత: అతుక్కున్న వాటిని లాగితే టైరు ఊడేలా ఉందండి.

నిపుణుడు: పైకి లాగకండి. సన్నటి నైలాన్ దారం టైరుకూ పీటకూ మధ్య పెట్టి, రంపం లాగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగండి, విడిపోతుంది.

యాంకర్: ధన్యవాదాలు సార్. శ్రోతలందరికీ నమస్కారం.