ముప్పావు తెలిసిన పిల్లలకు త్రీ ఫోర్త్స్ బరువు కాదు

నమస్కారం. ఈ వీడియో చేయడానికి కారణం ఒక తల్లి నాకు రాసిన ఉత్తరం. "మీ పాప ఇంగ్లీషులో వెనకబడుతోంది, ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేయండి" అని బడిలో చెప్పారట. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ పాపతో వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారని, ఇంగ్లీషు రాని నాయనమ్మ మనవరాలితో మాట్లాడటమే తగ్గించేశారని ఆమె రాశారు. చదివి చాలా బాధపడ్డాను. ఆ సలహా పాప మేలు కోరి ఇచ్చిందే కావచ్చు, కానీ అది తప్పు.

పిల్లల బుర్రలో భాషకు ఉన్న చోటు ఇంతేనని, తెలుగు ఎంత ఖాళీ చేస్తే ఇంగ్లీషుకు అంత చోటు దొరుకుతుందని ఆ సలహా వెనక ఒక నమ్మకం ఉంది. అది ఎందుకు నిలవదో ఒక మాటతో చూపిస్తాను. ఆ మాట ముప్పావు.

(తెరపై: మూడు పావుకిలో కందిపప్పు పొట్లాలు)

ఏడేళ్ల పిల్లవాడు నాన్నతో కిరాణా కొట్టుకు వెళ్లి ముప్పావు కిలో కందిపప్పు అడిగాడనుకుందాం. కొట్టులో పావుకిలో పొట్లాలే ఉంటే మూడు తీసుకోవాలని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ముప్పావు అంటేనే మూడు పావులు, లెక్క ఆ మాటలోనే ఉంది. తర్వాత ఎప్పుడో తరగతిలో టీచరు నల్లబల్ల మీద మూడు బై నాలుగు వేసి త్రీ ఫోర్త్స్ అన్నప్పుడు, తనకు తెలిసిన వస్తువుకు ఇంకో పేరు ఉందని తెలుసుకుంటే వాడికి సరిపోతుంది. ఇంట్లో ఆ మాట వినని పిల్లవాడు పేరునూ భావాన్నీ ఒకేసారి, అదీ ఇంకా పట్టు చిక్కని భాషలో నేర్చుకోవలసి వస్తుంది. అది కుదరనప్పుడు బట్టీ పడతాడు.

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశం దాదాపు ఇదే. రెండు భాషలు పైకి వేరుగా కనిపించినా వాటి అడుగున ఉండే అవగాహన ఒక్కటేనని, ఒక భాషలో సంపాదించిన ఆలోచనాశక్తి, చదివే నేర్పు రెండో భాషకు కూడా అందుతాయని ఆయన అన్నారు. కొత్త దేశానికి వలస వచ్చిన పిల్లలకు అక్కడి భాషలో కబుర్లు చెప్పడం రెండేళ్లలో పట్టుబడినా, పాఠం అర్థం చేసుకుని రాయగలిగే స్థాయికి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కూడా ఆయన గమనించారు. ఆ ఐదారేళ్లూ పిల్లవాడు దేనితో ఆలోచించాలి? ఇంటి భాషను కూడా తీసేస్తే వాడికి ఆసరా ఏముంటుంది?

మళ్లీ ముప్పావు దగ్గరకు వద్దాం. ముప్పావు గంట అంటే 45 నిమిషాలని అమ్మ దగ్గర, ముప్పావలా అంటే 75 పైసలని నాయనమ్మ దగ్గర విన్న పిల్లకు, 75 శాతం అన్న మాట వినగానే దానికి ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది. ఇందాకటి ఇంట్లో నాయనమ్మ మౌనం వల్ల పోతున్నది ఇదే. నా దృష్టిలో ఇది ఏ ట్యూషనూ పూడ్చలేని నష్టం.

రెండు భాషలు పిల్లల తెలివిని తగ్గిస్తాయన్న మాట పాతదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, బీద వలస కుటుంబాల పిల్లలకు వారికి సరిగా రాని భాషలో పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వస్తే దోషాన్ని రెండు భాషల మీదికి నెట్టిన అధ్యయనాలు ఉన్నాయి. 1962లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు మాంట్రియల్‌లో ఆర్థిక స్థితిలో సమానమైన పదేళ్ల పిల్లలనే పోల్చి చూస్తే, ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలే పరీక్షల్లో ముందున్నారు.

"మరి మా బాబు రెండూ కలిపేస్తున్నాడే" అని అడుగుతారు. "బొమ్మ డ్రా చేశాను" అన్న పిల్లవాడిని గమనించండి. ఇంగ్లీషు మాటను తీసుకుని దానికి చక్కగా తెలుగు క్రియను, కాలాన్ని, పురుషను చేర్చాడు. అందులో గందరగోళం లేదు, వ్యాకరణం ఉంది. తెలుగు మాటలు తక్కువ వచ్చాయని దిగులు పడేవారు రెండు భాషల మాటలనూ కలిపి లెక్కపెట్టాలి. మూడు పొట్లాల పప్పులో ఒక్క పొట్లాన్నే తూచి, ముప్పావు కిలో రాలేదనడం న్యాయం కాదు కదా.

సమయం అయిపోవస్తోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు ఉన్న 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువుకోనివారిలోనూ ఆ తేడా కనిపించింది. అయితే రెండు భాషలు నేర్పితే ఏకాగ్రత పెరిగి తీరుతుందన్న వాదన మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు, కాబట్టి అంత పెద్ద హామీ నేను ఇవ్వను.

ఇక బడి సంగతి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ముందు తెలుగు పేజీలో విషయం పట్టుకుని, అదే రోజు ఇంగ్లీషు పేజీ చదివించండి. ఇంగ్లీషును వాయిదా వేయమని నేను అనడం లేదు. దాన్ని బాగా నేర్పాలి, పక్కన తెలుగు ఉండాలి.

చివరగా, తెలుగే రెండో భాష అయిన పిల్లలు మన మధ్యనే ఉన్నారు. సవర, కోయ, గోండి, కొలామీ వంటి గిరిజన భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే బిడ్డ మొదటి రోజు బడిలో వినే తెలుగు, మన పిల్లలు వినే ఇంగ్లీషు లాంటిదే. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాసి బడులు నడిపారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.