సైలెన్సర్ మార్చినోడు దొరుకుతాడు, బస్సు మొత్తం మార్చేసినోడు దొరకడు

ఒక్క మాట చెప్తా వినండి. మన దగ్గర మాడిఫికేషన్ కేసులు, అంటే బండిని రూల్‌కి విరుద్ధంగా మార్చినందుకు పెట్టే కేసులు, చెవితో పెడుతున్నారు. కళ్లతో కాదు, ఆర్సీ చూసి అసలే కాదు. బండి చప్పుడు చేస్తే ఆపుతారు, చప్పుడు చెయ్యకపోతే పొమ్మంటారు. ఈ వీడియో అంతా నేను చెప్పేది ఇదే, మీరు ఒప్పుకునేదాకా చెప్తా.

విశాఖ బీచ్ రోడ్డులో సైలెన్సర్లన్నీ వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరూ చూశారు, షేర్ చేశారు, మంచి పని అన్నారు. నేను కూడా మంచి పనే అంటా, అర్ధరాత్రి హాస్పిటల్ ముందు ఆ మోత భరించడం ఎవరివల్లా కాదు. కానీ కర్నూలు దగ్గర చిన్నటేకూరు బస్సు? 2025 అక్టోబర్ 24, తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు, ఎన్‌హెచ్-44 మీద. అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న బైకుని ఈడ్చుకుంటూ పోయింది, మంటలొచ్చాయి, బస్సులో 19 మంది, ఆ బైకు నడిపినతను, మొత్తం 20 మంది పోయారు. బతికినోళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినోళ్లే. ఆ తర్వాత వార్తల్లో ఏమొచ్చింది? బండి ముందు డామన్ డయ్యూలో రిజిస్టర్ అయింది, తర్వాత ఒడిశా రాయగడకి మారింది, సీటర్‌ని స్లీపర్ చేసేశారు అని. ఆ బస్సు రోజూ తిరిగేది తెలంగాణ, ఆంధ్రా, కర్ణాటక రోడ్ల మీద. కాయితాలేమో అటు అరేబియా సముద్రం ఒడ్డున, ఇటు ఒడిశా కొండల్లో!

దానికి పది రోజుల ముందు రాజస్థాన్ జైసల్మేర్ బస్సు సంగతి గుర్తుందా? అక్టోబర్ 14. 20 మందికి పైగా పోయారు. దాని రిజిస్ట్రేషన్ నాన్ ఏసీ అంట, లోపల ఏసీ ఉందంట. అంటే నెల తిరక్కుండా రెండు బస్సులు, రెండింటి మీదా ఒకటే ఆరోపణ, ఆర్సీలో రాసింది వేరు, రోడ్డు మీద తిరిగింది వేరు. ఈ రెండు బస్సుల్లో ఏదన్నా బుల్లెట్ బండి లాగా డబడబ కొట్టిందా? లేదు. సైలెంట్‌గా, ఏసీలో, దుప్పటి ఇచ్చి మరీ తీసుకెళ్లాయి.

ఇప్పుడు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. పర్మిషన్ తీసుకుని మార్చుకునేవి ఏవన్నా ఉంటే, మార్చిన 14 రోజుల్లో, ఓనరు ఏ ఆర్టీవో పరిధిలో ఉంటే అక్కడికెళ్లి రిపోర్ట్ చేసి, ఆర్సీ ఇచ్చి, ఫీజు కట్టి ఎక్కించుకోవాలి. ఫైనాన్స్ మీద ఉన్న బండైతే ఫైనాన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు కూడా కావాలి, ఇది చాలామందికి తెలీదు, ఈఎంఐ కడుతున్నాం కదా బండి మాదే అనుకుంటారు.

ఇక్కడే కామెంట్లలో తమ్ముళ్లు తప్పు చెప్తున్నారు. "మార్చేసుకుని 14 రోజుల్లో చెప్తే సరిపోద్ది" అని. కాదు నాన్నా! ముందు పర్మిషన్, తర్వాత పని, ఆ తర్వాత 14 రోజులు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో గట్టిగా చెప్పింది, కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మారిపోయేలా బండిని మార్చడానికి లేదు అని. అంటే కొన్ని మార్పులు నువ్వు చెప్పినా, దండం పెట్టినా, ఫీజు డబుల్ కట్టినా ఆర్సీలో ఎక్కవు.

సరే, ఇప్పుడు నాకు కడుపు మండే పాయింట్. 14 రోజుల్లో వచ్చి చెప్పాల్సింది ఎవరు? ఓనరు. తప్పుగా మార్చినోడే వచ్చి "సార్ నేను మార్చాను" అని చెప్పాలి. చెప్తాడా? సీఎన్‌జీ కిట్ వేసుకున్న సామాన్యుడు చెప్తాడు, ఎందుకంటే వాడికి భయం ఉంది. ట్రావెల్స్ నడిపేవాడు ఎందుకు చెప్తాడు, చెప్తే టాక్స్ పెరుగుద్ది, ఇన్‌స్పెక్షన్ వస్తది, స్లీపర్ బస్సుకి ఏఐఎస్-119 అని వేరే ప్రమాణం ఉంది, అందులో నడవ ఎంత ఉండాలి, ఎమర్జెన్సీ దారులు ఎక్కడుండాలి అని కొలతలుంటాయి, ఆ కొలతలకి సరిపోకపోతే బండి పక్కన పెట్టాలి. అందుకే వాడు చెప్పడు. మనం అడగం. అడిగేవాడికేమో చప్పుడు కావాలి!

జరిమానాలు చూడండి ఇంకా మండుద్ది. 2019 సవరణ తర్వాత, మోత పెట్టే సైలెన్సర్‌కి, కాలుష్యం సెక్షన్ 190 కింద, 10,000 దాకా ఫైను, లైసెన్స్ మూడు నెలలు పోద్ది. బండిని పర్మిషన్ లేకుండా మార్చిన ఓనరుకి 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000. జైలు ఆరు నెలల దాకా ఉంది, నేను కాదనట్లేదు, కానీ మీ ఊళ్లో సీట్లు పీకి బెర్తులు కొట్టించినందుకు జైలుకెళ్లిన ట్రావెల్స్ ఓనరు ఎవరన్నా తెలిస్తే కామెంట్లో రాయండి, నేను పిన్ చేస్తా. బస్సులో ఒక్క ట్రిప్పులో నాలుగు టిక్కెట్లు అమ్మితే 5,000 వచ్చేస్తది, పండగ రోజుల్లో రెండు టిక్కెట్లు చాలు.

ఇంకోటి, ఇది నేను చదివినప్పుడు నిద్ర పట్టలేదు. అదే 182ఏ లో డీలరు చట్టానికి విరుద్ధంగా బండిని మారిస్తే ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష ఫైను, లేదా రెండూ. చట్టంలో డీలరు అంటే షోరూమ్ వాడు ఒక్కడే కాదు, చాసిస్ మీద, అంటే బండి కింద ఫ్రేము మీద, బాడీ కట్టేవాడు, రిపేరు చేసేవాడు కూడా వస్తాడు. బాగుంది కదా? కింద ఒక మినహాయింపు ఉంది. "ఈ బండి ఇలా ఇలా రూల్‌కి విరుద్ధం" అని అవతలి పార్టీకి ముందే చెప్పినట్టు రుజువు చేస్తే శిక్ష లేదు. అవతలి పార్టీ ఎవరు? ఓనరు! లోపల పడుకునే ప్రయాణికుడు కాదు. ఓనరుకి తెలుసు, బాడీ కట్టినోడికి తెలుసు, బెర్తులో పడుకున్న మీ అమ్మకి తెలీదు. ఇదెక్కడి న్యాయం?

బాడీ బిల్డింగ్ వాళ్లని మొత్తంగా తిడుతున్నా అనుకోకండి. విజయవాడ ఆటోనగర్ వెళ్లి చూడండి ఒకసారి, ఖాళీ చాసిస్ వస్తది, కొన్నాళ్లకి లారీ అయి బయటికొస్తది, డోర్ల మీద పెయింటింగు, క్యాబిన్ మీద చెక్కపని, అది చేసే మేస్త్రీలకి నేను దండం పెడతా. వాళ్లకి ఇనుము గురించి తెలిసినంత ఏ ఇంజనీరుకీ తెలీదు. వాళ్లలో మంచి మేస్త్రీ అయితే ఓనరు మొహం మీదే చెప్తాడు, "ఇక్కడ బెర్తు కొడితే ఎమర్జెన్సీ డోరు మూసుకుపోద్ది" అని. ఓనరు ఇంకో షెడ్డుకి పోతాడు, అంతే. ఆ మేస్త్రీ చెప్పిన మాట ఏ రికార్డులోనూ ఎక్కదు.

ఇప్పుడు రెండో వైపు చూపిస్తా. మాకు తెలిసిన ఒకాయన, పోలియో వల్ల కాలు పనిచెయ్యదు, స్కూటీకి పక్క చక్రాలు వేయించుకున్నాడు. చట్టంలో వికలాంగుల కోసం మార్చిన బండికి ప్రత్యేకంగా వెసులుబాటు ఉంది, మార్చుకున్న తర్వాత కూడా రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదించొచ్చు. ఆయన బుద్ధిగా వెళ్లాడు. ఈ కాయితం లేదు, ఆ ఫోటో సరిపోదు, ఇన్‌స్పెక్టర్ గారు ఇవాళ రాలేదు, మళ్లీ రా. కాలు పనిచెయ్యని మనిషిని మెట్లెక్కించి దించారు! సీట్లు బెర్తులైన బస్సు మాత్రం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కాయితం మీద ఎగిరిపోతది. నిజాయితీగా చెప్పుకునేవాడికి గుమ్మం ఎత్తు, దాచేవాడికి రహదారి.

మరి డామన్ ఎందుకు, రాయగడ ఎందుకు, ఈశాన్య రాష్ట్రాలెందుకు? టాక్స్. మన దగ్గర ట్రావెల్స్ బస్సుకి సీటు లెక్కన, బెర్తు లెక్కన మూణ్ణెల్లకోసారి గట్టిగా కట్టాలి, అక్కడ తక్కువ. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే దేశమంతా తిరగొచ్చు. ఓనరు టాక్స్ కోసం పోయాడులే అని మనం వదిలేస్తున్నాం, కానీ నా అనుమానం వేరే. టాక్స్ ఒక్కటే కాదు, చూసే కన్ను లేకపోవడం కూడా వాడికి లాభమే. బండి రోజూ తిరిగే ఊరి ఎంవీఐకి, అదే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కి, ఆ బండి ఫైలుతో సంబంధం లేదు, ఫైలు ఉన్న ఊరికి బండి రాదు. 14 రోజుల రిపోర్టింగ్ అనేది ఓనరు ఉండే చోట అని రాశారు కాబట్టి ఓనరు తన అడ్రసు ఎక్కడ చూపిస్తే రూలు అక్కడికే పోద్ది. నన్నడిగితే రిపోర్ట్ బస్సు బయలుదేరే ఊళ్లో కూడా జరగాలి. హైదరాబాద్ మియాపూర్‌లో ఎక్కించుకుంటే మియాపూర్ వాళ్లు చూడాలి, లోపలికెక్కి బెర్తులు లెక్కపెట్టాలి, ఆర్సీ పక్కన పెట్టుకుని. దీనికి టెక్నాలజీ అక్కర్లేదు, పది నిమిషాలు చాలు.

కార్లవాళ్లు అడుగుతున్నారు కాబట్టి గబగబా చెప్పేస్తా. రంగు మారిస్తే ఆర్సీలో రంగు ఉంటది కాబట్టి చెప్పాలి. మిలిటరీ ఆలివ్ గ్రీన్ మాత్రం అడగడం కూడా దండగ, అది డిఫెన్స్ బండ్లకే. అద్దాల మీద నల్ల ఫిల్ములు 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది, బండి ముందు బిగించే ఇనప బుల్ గార్డులు 2017లో కేంద్రం తీసేయమంది. సీఎన్‌జీ కిట్ అయితే అప్రూవల్ ఉన్నదే వేయించండి, ఆర్సీలో ఎక్కించండి, అక్కడితో ఆగకండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పి పాలసీలో ఎండార్స్‌మెంట్, అంటే ఆ మార్పు రాయించడం, వేయించండి. ఆర్సీలో పెట్రోల్ అని ఉండి డిక్కీలో సిలిండర్ ఉంటే, యాక్సిడెంట్ రోజు కంపెనీవాడు ఆ సిలిండర్నే పట్టుకుంటాడు, మీ డబ్బులు ఇరుక్కుంటాయి. కిట్ బిల్లు పారేయకండి.

ఇక బస్సు ఎక్కేవాళ్లకి. టిక్కెట్ బుక్ చేశాక బస్సు నంబర్ మెసేజ్ వస్తది కదా, అది ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి, బండి ఏ క్లాసు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా, ఇన్సూరెన్స్ ఉందా లేదా కనపడతది. ఎక్కగానే ఎమర్జెన్సీ డోరు ఎక్కడో చూడండి, దానికి అడ్డంగా బెర్తు ఉంటే ఫోటో తీసి, నంబర్ ప్లేటుతో సహా రవాణా శాఖకి కంప్లైంట్ పెట్టండి, నాక్కూడా పంపండి. డ్రైవర్ అన్నతో గొడవ పడకండి, ఆ బెర్తు ఆయన కొట్టించింది కాదు. మీరు పంపిన ఫోటోలన్నీ కలిపి సంక్రాంతికి ముందు ఇంకో వీడియో చేస్తా, ఆఫీసర్ల పేజీలన్నిటికీ ట్యాగ్ కొడతా, ఎవరు సమాధానం ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో కూడా చదువుతా.